ఒకటి, రెండు, మూడు... నాలుగోవాడెక్కడ?

ఇంటికి తాళం వేసేముందు ఎవరైనా గ్యాస్ కట్టేశామా, గీజర్ ఆపామా అని చూసుకుంటారు. మేం తలలు లెక్కపెట్టుకుంటాం. ఒకటి, రెండు, మూడు, నాలుగు. లిఫ్ట్ ఎక్కాక ఇంకోసారి. గేటు దాటాక మరోసారి. నాచారంలో మా గల్లీ చివర కిరాణా కొట్టాయన ఇది కనిపెట్టాడు. మేం కనిపించగానే తనే వేలు పెట్టి లెక్కేసి "నలుగురూ ఉన్నరు మేడమ్" అని అరుస్తాడు. ఆయన సరదాకే అంటాడు గానీ, ఆ మాట వింటే నాకు నిజంగానే కాస్త ధైర్యం వస్తుంది.

పెద్దదానికి ఆరున్నరేళ్లు. నడిపోడికి నాలుగున్నర. ఆ తర్వాత కవలలు, ఇద్దరూ ఆడపిల్లలే, ఏడాదిన్నర. నాకు ఇరవై తొమ్మిది. బీటెక్ అయిన ఏడాదికి పెళ్లి, మరుసటి ఏడు పెద్దది. మా బ్యాచ్‌లో సగం మంది ఇంకా సంబంధాలు చూసుకుంటున్నారు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి నలుగురు పిల్లలని చెప్తే "జోక్ చేస్తున్నారా అక్కా?" అంటారు.

మీ అనుమానం ముందే తీర్చేస్తాను. ప్లాన్ చేసుకుని నలుగురిని కనలేదు. ఇద్దరితో చాలనే అనుకున్నాం. మూడోది అనుకోకుండా వచ్చింది. ఉంచుకోవాలా వద్దా అని ఇద్దరం రెండు వారాలు నలిగిపోయాం. ఉంచుకుందాం అని గట్టిగా అనుకుని స్కానింగ్‌కి వెళ్తే డాక్టరమ్మ స్క్రీన్ నా వైపు తిప్పి "ఇదొక గుండె. ఇదిగో, ఇంకొకటి" అంది. మా ఆయన కుర్చీ కోసం వెతుక్కున్నాడు.

జనానికి మూడో కాన్పు అర్థం కాక కాదు. మొదటి ఇద్దరూ ఆడపిల్లలైతే ఎవరూ ఏమీ అడగరు. మాకు ముందే ఒక పాప, ఒక బాబు. దాంతో అందరిదీ ఒకటే ప్రశ్న, "కొడుకు పుట్టిండు గదా, మళ్ల ఎందుకమ్మా?" కూరగాయల బండి దగ్గర కూడా ఇదే. మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. ఇప్పుడు "టమాటా కిలో ఎంత?" అంటాను.

తర్వాత ఆపరేషన్ మా ఆయనే చేయించుకున్నాడు. కత్తి కోత లేని పద్ధతి, అరగంట కూడా పట్టలేదు, సాయంత్రానికల్లా ఇంట్లో ఉన్నాడు. "మొగోనికి ఆపరేషన్ ఏంది బిడ్డా" అని మా అత్తమ్మ వారం రోజులు ఆయన్ని బిందె కూడా ఎత్తనివ్వలేదు. సిజేరియన్ అయిన వారానికే రెండు చేతులా ఇద్దరిని మోసింది ఎవరో ఇక్కడ చెప్పక్కర్లేదు.

రెండు దాకానే లెక్క

నలుగురున్న ఇంట్లో ఉంటే గానీ తెలియదు, మన చుట్టూ ఉన్న ప్రతి కాగితం రెండు దగ్గర ఆగిపోతుందని. ఆదాయపు పన్నులో స్కూల్ ట్యూషన్ ఫీజు చూపించాలంటే ఇద్దరు పిల్లలకే. మా కంపెనీ ఇన్సూరెన్స్‌లో గడులు రెండే. మూడో పేరు కొడితే పేజీ ఎర్రగా మారుతుంది. కవలల్లో ఎవరి పేరు ఎక్కించాలి? నేను కోడ్ రాసి బతికేదాన్ని కాబట్టి, ఎవరో నాలాంటి వాడే ఎక్కడో కూర్చుని గరిష్ఠం రెండు అని రాసి లంచ్‌కి వెళ్లిపోయి ఉంటాడని నాకు తెలుసు. కోపం కూడా సరిగా రాదు.

అసలు దెబ్బ సెలవు దగ్గర తగిలింది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి 26 వారాల సెలవు ఇచ్చారని అందరం మెచ్చుకున్నాం. పెద్దదానికీ నడిపోడికీ ఆ 26 వారాలూ వాడుకున్నాను. కానీ అప్పటికే ఇద్దరు పిల్లలున్న తల్లికి ఆ చట్టం ఇచ్చింది 12 వారాలే. పుట్టింది ఒక్కరా, కవలలా అన్న తేడా లేదు. కాన్పుకి ముందు రెండు వారాలు పోగా, నేను మళ్లీ లాప్‌టాప్ తెరిచేసరికి పిల్లలకి పది వారాలు. వాళ్లలో ఒకతి అప్పటికి సరిగా మెడ కూడా నిలపలేదు. ఇక నాన్నలకి ప్రైవేటు కంపెనీల్లో చట్టప్రకారం ఒక్క రోజు కూడా లేదు. మా ఆయనకి దయతలచి ఐదు రోజులు ఇచ్చారు.

2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. తమిళనాడులో ఒక ప్రభుత్వ టీచర్‌కి మొదటి పెళ్లి వల్ల ఇద్దరు పిల్లలున్నారని, రెండో పెళ్లిలో పుట్టిన బిడ్డకి సెలవు కుదరదన్నారు. అది తప్పు, ప్రసూతి సెలవు స్త్రీ హక్కుల్లో భాగం అని కోర్టు చెప్పింది. ఆ వార్త నేను ఫోన్‌లో చదివేనాటికి నా 12 వారాలు అయిపోయి దాదాపు ఏడాది.

యాభై మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చనీ కూడా అదే చట్టంలో రాశారు. మా దగ్గరా క్రెష్ ఉంది. ఏడాది నిండాక తీసుకురండి అన్నారు. రిజైన్ లెటర్ రాసి పెట్టుకున్నాను. పంపలేదు. మా అత్తమ్మ జనగామ దగ్గర ఊళ్లో ఉన్న రెండు బర్రెల్ని మరిదికి అప్పగించి, ఒక సంచీతో నాచారం వచ్చేసింది. ఆ లెటర్ ఇప్పటికీ డ్రాఫ్ట్స్‌లో ఉంది.

అన్నట్టు, ఎక్కువమంది పిల్లలు అనే మాటకి నాచారంతో ఒక సంబంధం ఉంది. ఎన్టీఆర్ గారి రామకృష్ణ సినీ స్టూడియో ఉన్నది ఇక్కడే. ఆయనకి పన్నెండు మంది సంతానం. "చిన్న కుటుంబం, చింతలేని కుటుంబం" అని గోడలన్నీ చెప్తున్న రోజుల్లో, 1974లో, కుటుంబ నియంత్రణని ప్రశ్నిస్తూ ‘తాతమ్మ కల’ సినిమా తీశారు. బాలకృష్ణ మొదటి సినిమా అదే. తర్వాత 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీ చేయకూడదనే నిబంధన వచ్చింది. 2024 నవంబర్లో ఆంధ్రప్రదేశ్ దాన్ని ఎత్తేసింది. ఇప్పుడు పెద్దవాళ్లు ఇంకా కనండి అంటున్నారు. వాళ్ల భయానికి కారణం లేకపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ సంతాన రేటు 1.8, ఆంధ్రప్రదేశ్‌ది 1.7. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. మా ఇంటి రేటు 4. మేం రాష్ట్రానికి చేయాల్సింది చేశాం. కనమని చెప్పేవాళ్లు క్రెష్ సంగతి కూడా అదే మైకులో చెప్తే బాగుండు.

ఎవరికి మందు వేశాం?

కవలలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటారు. ఇలాంటి కవలలు ప్రపంచంలో వెయ్యి కాన్పులకి మూడో నాలుగో ఉంటాయట. అత్తమ్మ మొదటి రోజుల్లో ఒకదానికి కుడి బుగ్గ మీద, ఇంకోదానికి ఎడమ బుగ్గ మీద దిష్టిచుక్క పెట్టేది. స్నానం చేయిస్తే ఇద్దరూ మళ్లీ ఒకటే. మా ఇంటికి కాస్త దూరంలో, హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది. లాల్జీ సింగ్ గారు దేశానికి డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ తెచ్చిపెట్టింది అక్కడి నుంచే. ఆ పరీక్ష చేసినా మా ఇద్దరూ ఒకేలా వస్తారు. చివరికి పెద్దమ్మాయి తన ఎర్ర నెయిల్ పాలిష్ తెచ్చి ఒకదాని బొటనవేలికి వేసింది. సమస్య తీరింది. తీరిందనుకున్నాం.

పద్నాలుగో వారం టీకాలకి ఇద్దరినీ తీసుకెళ్లాం. ఆ రాత్రి ఇద్దరికీ జ్వరం. పన్నెండింటికి నేను పారాసిటమాల్ చుక్కలు వేసి పడుకున్నాను. ఒంటిగంటకి ఏడుపు వినిపిస్తే మా ఆయన లేచి, చీకట్లో వేలు చూడకుండా, ఏడుస్తున్నదానికి మళ్లీ వేశాడు. ఎవరికి వేశాడో ఆయనకే తెలియదు. లైట్ వేసి చూస్తే ఇద్దరి మూతులూ తియ్యగా జిగటగా ఉన్నాయి. రెండింటికి డాక్టర్‌కి ఫోన్ చేస్తే, ఆయన విసుక్కోకుండా బరువు అడిగి, ఎన్ని చుక్కలు వేశామో లెక్క కట్టి, భయం లేదు గానీ తెల్లారేదాకా ఇంకే మందూ వద్దన్నారు. ఆయన అలా చెప్పినా మేం తెల్లారేదాకా ఇద్దరి పొట్టలూ లేచి పడుతున్నాయా లేదా అని చూస్తూ కూర్చున్నాం.

మర్నాడు ఫ్రిజ్ మీద చిన్న తెల్లబోర్డు పెట్టాం. ఎర్రవేలు, మామూలువేలు అని రెండు గళ్లు. టైమ్, మందు, వేసినవాళ్ల సంతకం. అత్తమ్మ సంతకం చేయదు, ఒక చుక్క పెడుతుంది. నా ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత క్రమశిక్షణగా నడిచిన లాగ్ నేను చూడలేదు.

ఆరుగురికి ఒకటే టికెట్

బయటికి వెళ్లడం ఇంకో కథ. ఆటోలో ముగ్గురికే చోటు. క్యాబ్ బుక్ చేస్తే డ్రైవర్ మమ్మల్ని దూరం నుంచే చూసి, దగ్గరికి రాకుండా క్యాన్సిల్ కొడతాడు. చట్టప్రకారం బండి మీద నడిపేవాళ్లు కాక ఒక్కరే కూర్చోవాలి. నాలుగేళ్లు దాటిన పిల్లలకి హెల్మెట్ ఉండాలి, అంతకన్నా చిన్నవాళ్లని బెల్టుతో కట్టుకుని 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. ఇవన్నీ తెలిసీ ఒకసారి స్కూలుకి లేటవుతోందని మా ఆయన, నేను, పెద్దది, నడిపోడు ఒకే స్కూటీ మీద వెళ్లాం. మూడో రోజు ఫొటోతో సహా ఈ-చలాన్ వచ్చింది. సిగ్గుపడాల్సిన విషయమే. నలుగురం కెమెరా వైపు చూసి నవ్విన ఫొటో మాత్రం మా దగ్గర అదొక్కటే.

మమ్మల్ని చూసి మొహం మాడ్చనిది సిటీ బస్సొకటే. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకి జీరో టికెట్. నేను, పెద్దది ఫ్రీ. ఐదేళ్లలోపు ముగ్గురికీ ఎలాగూ టికెట్ లేదు. డబ్బులిచ్చేది మా ఆయనొక్కడే. కండక్టరమ్మ ఒకసారి ఆరుగురినీ చూసి "అన్నా, అందరి బరువు నువ్వే మోస్తున్నవ్" అంది. ఆయనకి ఆ మాట ఎంత నచ్చిందంటే ఇంటికొచ్చాక మూడుసార్లు చెప్పాడు.

ఉప్పల్ స్కైవాక్ మీద

ఇక ఆ ఆదివారం సంగతి. దసరా అయిపోయింది. బతుకమ్మకి ఊరెళ్లిన అత్తమ్మ జనగామ నుంచి బస్సులో వస్తోంది. మేం సికింద్రాబాద్‌లో చుట్టాలింటికి వెళ్లి మెట్రోలో ఉప్పల్ వచ్చి దిగాం. ఆమెని తీసుకుని ఇంటికెళ్దామని ప్లాన్.

పండగ తర్వాతి ఆదివారం ఉప్పల్ రింగురోడ్డు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. వరంగల్ వైపు బస్సులన్నీ అక్కడే జనాన్ని దింపుతాయి. సంచులు, బియ్యం మూటలు, నిద్రపోతున్న పిల్లలు, "తార్నాక, తార్నాక" అని ఆటోవాళ్ల అరుపులు. ఆ రద్దీలో రోడ్డు దాటలేకే 2023 జూన్‌లో స్కైవాక్ తెరిచారు. మెట్రో స్టేషన్‌కి కలిసి, చౌరస్తా పైన గుండ్రంగా తిరుగుతుంది. నాగోలు రోడ్డు, రామంతాపూర్ రోడ్డు, వరంగల్ బస్టాప్, ఎటు కావాలంటే అటు మెట్లూ లిఫ్టులూ ఉంటాయి. పిల్లలున్నవాళ్లకి వరం. ఆ రోజు దాకా నేను అలాగే అనుకున్నాను.

ఒక చంటిది నా ఛాతీకి కట్టి ఉంది. రెండోది మా ఆయన చంకలో. పెద్దది నా బ్యాగు పట్టుకుంది. నడిపోడు వాళ్ల నాన్న వేలు పట్టుకున్నాడు. అప్పుడు అత్తమ్మ ఫోన్, "బోడుప్పల్ దాటినం." ఫోన్ తీయడానికి మా ఆయన వేలు వదిలాడు.

నేను నా పద్ధతిలో లెక్కపెట్టాను. ఒకటి నా మీద, రెండు ఆయన మీద, మూడు బ్యాగు పక్కన, నాలుగు ముందు ఎర్ర టీషర్ట్. సరిపోయింది. నడిచాం. ఆ ఎర్ర టీషర్ట్ పిల్లాడు పక్కన నడుస్తున్న ఎవరినో "డాడీ" అన్నాడు. వాడు మావాడు కాదు. లెక్క సరిపోయింది, మనిషి సరిపోలేదు.

ఆ తర్వాత ఎంతసేపో నాకు తెలియదు. మా ఆయన పావుగంట అంటాడు. ఆయన ఒకవైపు పరుగెత్తాడు, నేను పెద్దదాన్ని లాక్కుంటూ ఇంకోవైపు. గుండ్రంగా కట్టిన దారి కదా, ఇద్దరం అవతల వైపు ఎదురుపడ్డాం. ఆయన చేతిలోనూ లేడు, నా చేతిలోనూ లేడు. కిందికి చూస్తే నాలుగు రోడ్ల మీద బస్సులు, ఆటోలు, దుమ్ము. నడిపోడి పేరు పెట్టి అరుస్తున్నాను గానీ ఆ హారన్లలో నా గొంతు నాకే వినపడలేదు. నా మీద ఉన్న చంటిది నా గుండె అదురుకి లేచి ఏడుపు మొదలుపెట్టింది.

అప్పుడు పెద్దది నా చున్నీ లాగింది. "అమ్మా, వాడు లిఫ్టుల కిందికి పోయిండు. నానమ్మ బస్సు కిందికే వస్తది గదా."

"ఎప్పుడు చూశావే? చెప్పలేదేం?"

"చెప్పిన. నువ్వు లెక్కపెడుతున్నవ్. లెక్కపెట్టేటప్పుడు మాట్లాడొద్దన్నవ్."

వరంగల్ బస్టాప్ వైపు మెట్లు ఎలా దిగానో గుర్తులేదు. లిఫ్టు కోసం ఆగే ఓపిక లేదు. కింద బస్సులాగే చోటికి కొంచెం ఇవతల మక్క కంకులు కాల్చే ఒకావిడ బండి ఉంది. దాని వెనక బోర్లించిన ప్లాస్టిక్ బకెట్ మీద కూర్చుని నడిపోడు కంకి తింటున్నాడు. మూతి చుట్టూ ఉప్పూ కారం. నన్ను చూసి, "అమ్మా, నానమ్మ ఇంకా రాలే" అన్నాడు, ఆలస్యం నాదే అన్నట్టు.

కొట్టాలో ఎత్తుకోవాలో తెలియలేదు. ఛాతీ మీద ఒకతి ఉండగా వంగి ఎత్తుకోవడం కూడా కుదరలేదు. అక్కడే కింద కూలబడ్డాను.

"మీ పిలగాడేనా?" అంది ఆవిడ, బొగ్గులు విసురుతూనే. "రోడ్డు దిక్కు పోతుంటే పట్టుకున్న. అమ్మ పేరేందిరా అంటే అమ్మ అన్నడు. ఇంట్ల ఎందరు అంటే మాత్రం వేళ్లు మడిచి ఏడుగురం అని చెప్పిండు. అంతమంది ఉన్నంక ఎవరో ఒకరు రాకపోతరా అని కూసోబెట్టిన."

ఈలోపు అక్కడే ట్రాఫిక్ చూస్తున్న హోంగార్డు వచ్చాడు. విషయం విని, "ఎంతమంది పిల్లలమ్మా?" అన్నాడు. నలుగురన్నాను. "ఇద్దరికే చేతులుంటయ్ గదమ్మా" అన్నాడు. తిట్టలేదు. మామూలుగానే అన్నాడు. కానీ నాలుగేళ్లుగా ఎంతమంది ఎన్ని విధాల అన్నా కదలని నేను ఆ మాటకి ఏడ్చేశాను. ఎందుకంటే ఆ పావుగంటా నేనూ సరిగ్గా అదే అనుకుంటున్నాను.

కంకుల ఆవిడ అతని వైపు తిరిగి, "నాకు ఐదుగురు. ఇద్దరికే చేతులున్నయ్, అయినా అందరూ పెరిగిన్రు. పోయి బస్సు చూస్కో" అంది. నా వైపు చూసి, "ఒక్కడే ఉన్నోళ్లకు గూడ తప్పిపోతరు బిడ్డా. మొన్న జాతరల చూసిన" అంది. కంకి డబ్బులు ఎంతిచ్చినా తీసుకోలేదు. చివరికి ఆరు కంకులు కొన్నాం. వాటికి మాత్రం గట్టిగానే తీసుకుంది.

అత్తమ్మ బస్సు దిగింది. ఒక సంచిలో మక్క గారెలు, ఇంకో సంచిలో బియ్యం. ఆమెకి ఏమీ చెప్పొద్దని మేమిద్దరం కళ్లతోనే అనుకున్నాం. రెండు నిమిషాల్లో నడిపోడు మొత్తం చెప్పేశాడు, తనే నానమ్మని తీసుకురావడానికి ఒక్కడే లిఫ్టులో వచ్చినట్టు. అత్తమ్మ నన్ను ఏమీ అనలేదు. కొడుకుని మాత్రం జనగామ యాసలో అరగంట సరిపడా తిట్టింది.

ఆ రాత్రి కొన్ని మార్చాం. బయటికెళ్తే నడిపోడి ముంజేతి మీద బాల్‌పెన్నుతో నా నంబర్ రాస్తున్నాం. పిల్లలు కనపడకపోతే 112కి గానీ, పిల్లల కోసమే ఉన్న 1098కి గానీ ఫోన్ చేయాలని నాకు ముందే తెలుసు. ఆ పావుగంటలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. అందుకే ఆ రెండు నంబర్లూ ఫోన్ కవర్ వెనక అతికించుకున్నాను. లెక్కపెట్టే పని పెద్దదానికి ఇచ్చాం. అది అంకెలు వేయదు, పేర్లు పిలుస్తుంది. పలికితేనే లెక్క.

ఉప్పల్ నుంచి ఇంటికి రెండు ఆటోలు మాట్లాడుకున్నాం. ముందు ఆటోలో అత్తమ్మ, మా ఆయన, ఒక చంటిది, బియ్యం మూట. నా ఆటోలో మిగతా ముగ్గురు, ఆరు కంకులు. కదిలేముందు డ్రైవర్ వెనక్కి తిరిగి, "ఇంకెవరన్నా ఉన్నరా మేడమ్?" అన్నాడు.

ముందు ఆటోలోకి తొంగి చూసి లెక్కపెట్టాను. ఐదు వచ్చింది. మళ్లీ లెక్కపెట్టాను. మా ఆయన్ని కూడా కలిపేశాను.